పడిసెము - ముక్కు దిబ్బడ



"పడిసెము పదిరోగముల పెట్టు" అను సామెత మీరెరుగనిది కాదు. అయినను ముక్కు దిబ్బడవేసి, నొసలు బరువెక్కి, చెక్కిళ్లు సలుపునప్పుడు ఆ యడ్డు ఎచ్చట కలిగినదో విచారించువారు తక్కువ. అది తెలిసినచో ఏ యుపచారము మేలు చేయునో, ఇంటివైద్యమును ఎచ్చట నిలుపవలెనో మనకే బోధపడును.

ముఖమునందలి యెముకలలో నాలుగు జతల గాలిగదులు కలవు. నొసటియందొక జత, చెక్కిళ్లలో నొక జత, కన్నుల నడుమ నొక జత, వాని వెనుక లోతున నొక జత. చెక్కిలిగదిని హైమోరను ఆంగ్లేయ వైద్యుడు 1651లో వివరించి వ్రాసెను. ఈ గదుల లోపొర చీమిడిని పుట్టించును. కంటికి కానరాని సన్నని నూగు దానిని ద్వారమువైపునకు నెట్టుచుండును. చెక్కిలిగది ద్వారము అడుగున లేదు, పైభాగముననున్నది. పల్లపు చేనికి తూము గట్టుమీద పెట్టినట్లన్నమాట. పడిసెము పట్టి పొర వాచినచో ద్వారము మూసికొనును. చీమిడి లోపలనే నిలిచిపోవును.

దేహమునందు మరియొక కాలువ కలదు. రక్తనాళములనుండి ఊరి కండలలో చేరిన నీటిలో మిగులును మరల రక్తమునకు చేర్చునది శోషరసము. ఇటలీ వైద్యుడగు అసెల్లి 1622లో ఒక కుక్క ప్రేగులచెంత ఈ తెల్లని నాళములను చూచెను. దీనిని నడపుటకు గుండెవంటి యంత్రము లేదు. నాళములు తామే ముడుచుకొనుటవలనను, కండల కదలికవలనను, ఊపిరి పీల్చి విడుచుటవలనను ఇది ప్రవహించును. ముక్కునందలి శోషరసము మెడలోని గ్రంథులకు చేరును. పడిసెమునాడు దవడక్రింద బిళ్లలు కట్టుట యందువలననే.

డెన్మార్కు దేశీయుడగు ఎమిల్ వోడరు దక్షిణ ఫ్రాన్సులో దీర్ఘకాలపు పడిసెముగలవారి మెడను మెల్లగా నిమిరి చికిత్స చేసి, ఆ పద్ధతిని 1936లో పారిసునందు ప్రకటించెను. నేడది ముఖ్యముగా చేతులు కాళ్లు వాచినవారికి ఉపయోగపడుచున్నది. మెడ నిమిరినచో హాయి కలుగవచ్చును. కాని గదిలోని చీమిడి పోవలసిన దారి ఆ చిన్న ద్వారమే గాని శోషరస నాళము కాదు. కావున నిమురుటచేతనే గదులు ఖాళీయగునని నమ్మరాదు.

మరి చేయవలసినదేమి? ఉప్పునీటితో ముక్కు కడుగుట మేలు. హఠయోగప్రదీపిక నేతిని షట్కర్మలలో నొకటిగా చెప్పినది. అది దారముతో చేయునది. నీటితో చేయునది జలనేతి. పావులీటరు నీటిని ఒక నిమిషము తెరలకాచి, గోరువెచ్చగా చల్లార్చి, అర చెంచాకు మించకుండ ఉప్పు కలుపవలెను. ముందునకు వంగి, తల ప్రక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీయుచు పై ముక్కుపుటమున పోసినచో క్రింది పుటమునుండి వెడలును. కాచని చెరువునీరు, బావినీరు, కొళాయినీరు పనికిరావు. అమెరికాలోని లూసియానా రాష్ట్రమున 2011లో కాచని కొళాయినీటితో ముక్కు కడుగుకొనిన యిద్దరు మెదడున కెక్కిన సూక్ష్మజీవివలన మరణించిరి.

ఆవిరి కొంత సుఖమిచ్చును. కాని పసిబిడ్డలచేత పట్టించుట ప్రమాదము, నీరు తొలకి దేహము కాలును. పండుకొనునప్పుడు తల కొంచెము ఎత్తున నుంచుట, చాలినంత నీరు త్రాగుట, జ్వరము లేనప్పుడు తిన్నగా నడచుట మంచివి. నడకవలన శోషరసమునకును సాయము కలుగును. పొగ నూగునకు శత్రువు. ఒక పూట ఆవిరి పట్టి, మరుపూట చుట్ట కాల్చుట కాలువ పూడిక తీసి మరల మన్ను పోయుటయే. ముక్కుపొడుము సంగతియు నంతియే.

సాధారణపు పడిసెము ఏడు పది దినములలో తానే తగ్గును. పదిదినములు దాటినను తగ్గనిచో, తగ్గి మరల హెచ్చినచో వైద్యుని చూడవలెను. కంటిచుట్టు వాపు, చూపు మందగించుట, ఒకటి రెండుగా కనబడుట, మెడ బిగియుట, తీవ్రమైన తలనొప్పి, ముక్కునుండి నల్లని స్రావము, వీనిలో నేదియైనను కనబడినచో ఒక్క దినమైనను ఆగరాదు. మధుమేహము గలవారు మరింత జాగరూకులై యుండవలెను. 2021లో కోవిడు వెంట మనదేశమున నలుబదివేలమందికి పైగా "బ్లాక్ ఫంగసు" అను బూజురోగము సోకెను. వారిలో పెక్కురకు మధుమేహముండెను. పలువురకు మొదట కనబడినది ముక్కు దిబ్బడ, ఒక చెంప నొప్పియే. దానిని పడిసెమని తలచి ఆలస్యము చేయుట కన్నునకే కాక ప్రాణమునకును ముప్పు.

ఇంటివైద్యము మన పెద్దల సొత్తు, దానిని విడువవలదు. కాని దాని యెల్ల యెరిగి వాడువాడే దాని మేలు పొందును. మీ యింట ముక్కు దిబ్బడగా నున్నదని ఎవరైన చెప్పినప్పుడు కాచిన ఉప్పునీటిని చేతికిచ్చి, వారి కన్నులను, చెంపలనుకూడ ఒకసారి పరిశీలింపుడు. సెలవు.