బండి మంచిగున్నదా?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున గేటు దగ్గర వేపచెట్టు కింద ఆగిన ఎర్ర మోటారు సైకిల్ చుట్టూ పిల్లలు మూగడం చూసి, కార్యదర్శి గారు నన్ను పట్టుకున్నారు. "ఇంట్లో కూర్చుని దాన్నెట్ల బతికించినవో పది నిమిషాలు చెప్పు" అన్నారు. పది నిమిషాలు అనగానే మా బ్యాచ్ వాళ్లు నవ్వారు. సింగరేణి వర్క్‌షాపులో ముప్పై ఏండ్లు ఫిట్టర్‌గా చేసినవాడికి మైకు ఇస్తే ఏమవుతుందో వాళ్లకు తెలుసు.

తెలియని పిల్లల కోసం ముందు ఆ బండి సంగతి. అది జపాన్ యమహా వాళ్ల ఆర్‌డీ 350. అక్కడ 1973లో వచ్చింది. మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్లు రాజ్‌దూత్ 350 అనే పేరుతో 1983 నుంచి అమ్మారు. రెండు సిలిండర్లు, 347 సీసీ, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. మొదటి రకాన్ని హై టార్క్ అనేవాళ్లు, దాని బలం 30.5 గుర్రాలు. 1985లో వచ్చిన లో టార్క్ రకానిది 27. అప్పటి బుల్లెట్ 18 గుర్రాల బండి అని గుర్తు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. అదే 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని లెక్కవేసే ఇళ్లలో మన బండి ఎట్ల నిలబడుతుంది? ఆ దశాబ్దం ముగిసేసరికి తయారీ ఆగింది. విడిభాగాలు కూడా మెల్లగా అంగళ్ల నుంచి మాయమయ్యాయి.

ఈ బండి నాది కాదు. మా 1979 పదో తరగతి దోస్తుది. పేరు చెప్పొద్దన్నాడు, మూడో వరుసలో కూర్చున్నాడు, మీరు వెనక్కి తిరిగి చూడకండి. 1985లో కొన్నాడు. 1988లో మస్కట్ పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టి, "వారానికోసారి స్టార్ట్ చెయ్, అంతే" అన్నాడు. అక్కడి నుంచి వచ్చే ప్రతి ఉత్తరం చివర ఒకటే మాట: బండి మంచిగున్నదా? నేనూ ప్రతిసారి ఒకటే జవాబు రాసిన: మంచిగనే ఉన్నది.

అది అబద్ధం. 1990 వానాకాలం నుంచి అబద్ధం.

ఏమైందంటే, ఈ ఇంజనులో నూనె పెట్రోలుతో కలిపి పోయనక్కరలేదు. ఆటోల్యూబ్ అని ఒక చిన్న పంపు ఉంటుంది. ఇంజను ఎంత వేగంగా తిరిగితే, ఎంత యాక్సిలరేటర్ తిప్పితే దానికి తగినంత నూనె అది పంపుతుంది. నాకప్పుడు ఇరవై ఆరేండ్లు, కొత్త ఫిట్టర్ని, అన్నీ వచ్చనుకునే వయసు. ఆ పంపు ఎప్పుడో మొరాయిస్తుందని నాకు నేనే అనుమానపడి, తీసేసి, దాని నోరు మూసి, ట్యాంకులోనే నూనె కలిపిన. ఊరంతా లూనాలకు అట్లనే పోసేవాళ్లు కదా అనుకున్న.

దోస్తు తమ్ముడు, అప్పుడు ఇంటర్, "అన్నా, కుంటాల పోదాం" అన్నాడు. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు, సోన్ వంతెన మీద గోదావరి, నిర్మల్, అక్కడి నుంచి మహబూబ్ ఘాట్ ఎక్కి నేరడిగొండ. జలపాతం నిండుగా ఉంది. వచ్చేటప్పుడు ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ మొత్తం మూసి, గేరులోనే బండిని దింపిన. కొత్తగా ఎక్కేవాళ్లు ఇది వినాలె. పెట్రోలులోనే నూనె కలిపిన టూ స్ట్రోక్ బండికి యాక్సిలరేటర్ మూస్తే పెట్రోలు ఆగుతుంది, పెట్రోలుతో పాటు నూనె కూడా ఆగుతుంది. చక్రం మాత్రం ఇంజనును తిప్పుతూనే ఉంటుంది. ఎడమ పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. అప్పుడు క్లచ్ పట్టుకోవాలె, అర సెకను కూడా ఆలోచించొద్దు. నేను ఆలోచించిన.

నాకు గీతలు పడ్డాయి. తమ్ముడి ఎడమ మణికట్టు విరిగింది. ఇంట్లో చింతచెట్టు మీంచి పడ్డానని చెప్పాడు, నన్ను కాపాడటానికి. ఈ రోజు కూడా ఆ చెయ్యి పూర్తిగా తిరగదు. బండిని లారీలో తెచ్చి, మా ఊళ్లో పశువుల కొట్టంలో గోనెసంచులు కప్పి పెట్టిన. దోస్తు రెండేండ్లకోసారి సెలవు మీద వచ్చేవాడు. బండేదిరా అంటే ఒకసారి కార్ఖానాలో ఉందన్న, ఒకసారి టైర్లు దొరకట్లేదన్న. వాడు రెట్టించి అడగలేదు. ఎందుకు అడగట్లేదో నేను ఆలోచించలేదు.

2015 సంక్రాంతికి ఫోను చేసి, "ఉగాదికి పూర్తిగా వచ్చేస్తున్న" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. రెండు నెలల్లో బాగుచేసి ఏమీ జరగనట్టు నిలబెడదామని, బండిని గోదావరిఖని క్వార్టర్ వరండాలోకి తెచ్చిన.

ఇరవై ఐదేండ్లు కదలని పిస్టన్‌ను సుత్తితో కొట్టొద్దు. ప్లగ్గు తీసి కిరోసిను, గేరు నూనె కలిపి పోసి, రోజుకోసారి చూసి, మళ్లీ పోసి, ఇరవై రెండో రోజు కదిలింది. మా ఆవిడ ఆ వాసనకు నన్ను వరండాలోనే పడుకోమంది. ట్యాంకు లోపల తుప్పు పొరలు పొరలుగా రాలుతుంటే చింతపండు రసం నింపి, చిన్న సైకిల్ గొలుసు వేసి ఊపి, రెండు రోజులు ఉంచి కడిగిన. చింతపండు రాగి చెంబులకేనా? ఇనుము తుప్పు మీద కూడా పనిచేస్తుంది, కాకపోతే కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె పట్టించకపోతే మర్నాటికే మళ్లీ తుప్పు.

కార్బొరేటర్లు రెండు. వాటి జెట్లు ఇత్తడివి, సన్నటి రంధ్రాలు పూర్తిగా మూసుకుపోయాయి. ఉక్కు తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది, ఇక ఆ జెట్ పనికిరాదు. కరీంనగర్‌లో వెండి తీగపని చేసే ఒక పెద్దాయన దగ్గరకు పోయిన. జెట్‌ను వెలుతురుకు పట్టి చూసి, వెంట్రుక లాంటి వెండి తీగ ఒకటి లాగి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. "మెత్తటి వెండి, ఇత్తడిని గీయదు" అన్నాడు. మన కరీంనగర్ వెండి తీగపనికి భౌగోళిక గుర్తింపు ఉందని చెప్పుకుంటాం కదా, నాకైతే దాని విలువ ఆ రోజు తెలిసింది.

అసలు చిక్కు సిలిండర్ దగ్గర వచ్చింది. పట్టేసినప్పుడు గోడ మీద లోతుగా గీతలు పడ్డాయి. బోరింగ్ చేయక తప్పదు. 64 మిల్లీమీటర్ల బోరు 64.50 అయింది, రెండోది బాగున్నా దాన్నీ అంతే చేయాలె, లేకపోతే రెండు వైపులా బలం తేడా వస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో నాలుగుసార్లు తిరిగితే పెద్ద సైజు పిస్టన్ల జత దొరికింది. వాటి నెత్తి మీద 50 అని అచ్చు కొట్టి ఉంది. అది చూసి కూలబడ్డ. ఎప్పుడు ఎవరు హెడ్డు విప్పినా ఆ అంకె కనిపిస్తుంది. బయట ఎంత రంగు వేసినా లోపల రాసి ఉంటుంది, ఈ ఇంజను ఒకసారి పట్టేసిందని.

ఉగాది ముందురోజు వాడు నేరుగా క్వార్టర్‌కే వచ్చాడు. ఇంజను ముక్కలు ముక్కలుగా మూడు బేసిన్లలో ఉంది. నేను నిలబడి మొత్తం చెప్పిన, తమ్ముడి చెయ్యితో సహా. వాడు పిస్టన్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "తమ్ముడు తొంభై ఒకటిలనే రాసిండు రా. నువ్వెప్పుడు చెప్తవో అని అడుగుతున్న" అన్నాడు. ఆ తర్వాత కాసేపు మా ఇద్దరికీ మాట రాలేదు. మా ఆవిడే చాయ్ పెట్టి తెచ్చింది.

రెండు నెలలనుకున్న పని పద్దెనిమిది నెలలైంది, ఇద్దరం కలిసి చేస్తే. క్రాంకు సీళ్లు కొత్తవి వేసినం. ఇవి చిన్న రబ్బరు రింగులే కానీ ప్రాణం వాటిలోనే. కుడి సీలు కారితే గేరు నూనె లోపలికి పోయి తెల్లటి పొగ వస్తుంది, కనిపిస్తుంది కాబట్టి మంచిదే. ఎడమ సీలు కారితే గాలి లోపలికి పోతుంది, పొగ రాదు, బండి ఇంకా ఉషారుగా పోతున్నట్టుంటుంది, ఆ ఉషారులోనే పిస్టన్ పట్టేస్తుంది. ఆటోల్యూబ్ పంపును విప్పి, శుభ్రం చేసి, వాచర్లు సరిచూసి తిరిగి పెట్టినం. దానిలో ఏ లోపమూ లేదు. నేను అనవసరంగా తీసేసిన.

రిజిస్ట్రేషన్ గడువు ఎప్పుడో దాటింది. జరిమానా కట్టి, తనిఖీ చేయించి, ఇప్పుడు ఐదేండ్లకోసారి రెన్యువల్. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం యాభై ఏండ్లు నిండిన బండినే వింటేజ్ అంటారు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. మన సంఘానికి ఈ ఏడు ఆ అర్హత వచ్చింది. బండికి ఇంకో పదేండ్లు కావాలె.

ఇప్పుడు మా భయం పెట్రోలే. ఇరవై శాతం ఇథనాల్ కలిసింది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును ఉబ్బిస్తుంది. అందుకే పైపులు, కార్బొరేటర్ వాచర్లు ఇథనాల్‌కు తట్టుకునే రకం వేసినం. పది రోజులకు మించి తిప్పకపోతే కార్బొరేటర్ గిన్నెలు ఖాళీ చేస్తం. పాత బండి ఉన్నవాళ్లు ఇది రాసుకోండి. ముందు బ్రేకు కూడా డ్రమ్మే, జపాన్ బండికున్న డిస్క్ దీనికి లేదు. ఆ వేగానికి ఈ బ్రేకు అని తలుచుకుంటూ నడపాలె. ఎడమ చేతి రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదనే ఉండాలె.

భోజనాల తర్వాత స్టార్ట్ చేస్తం. ఎక్కాలనుకునేవాళ్లు తాళంచెవి నన్ను అడగొద్దు. అది తమ్ముడి దగ్గర ఉంది. ఎవరికివ్వాలో, ఎవరి వెనక తను కూర్చోవాలో ఆయనే చెప్తాడు. నేను అడిగితే ఇంకా ఇవ్వట్లేదు.