గ్యాసు హీటరు: వెలిగించు వరుస, ఆర్పు వరుస



తెలుగునాటినుండి ఉద్యోగరీత్యా ఢిల్లీకో సిమ్లాకో వచ్చిన మనకు గ్యాసు హీటరు చలికాలపు చుట్టము. దానిని పిలుచుటకును, సాగనంపుటకును ఒక వరుస యున్నది.

ముందుగా కిటికీని కొంత తెరచి, ఆర్పువరకు నట్లే యుంచుడు. వాసన లేదని నిశ్చయించుకొని సిలిండరు రెగ్యులేటరును తెరువుడు. హీటరు నాబును నొక్కిపట్టి వెలిగింపుడు. మంట రాగానే విడువక అరనిమిషము నొక్కియుంచుడు; లోని ఉష్ణయుగ్మము వేడెక్కినగాని మంట నిలువదు. వెలుగనిచో అన్నియు మూసి, 5 నిమిషము లాగుడు. ఈ గ్యాసు గాలికంటె బరువు, నేలబారున పేరుకొనును. వాసన తగిలినచో విద్యుత్ స్విచ్చు వేయరాదు, తీయరాదు. రెగ్యులేటరు మూసి, తలుపులు తెరచి, వెలుపలికి వచ్చి 1906కు ఫోను చేయవలెను.

ఆర్పునపుడు మొదట రెగ్యులేటరును మూయుడు. గొట్టములో మిగిలినది కాలిపోయి మంట ఆరిన పిదప నాబును మూయుడు.

అయినను ముక్కునే నమ్మి యుండరాదు. వాసన గ్యాసులో కలిపిన మెర్కాప్టానుది. అది లీకును మాత్రమే తెలుపును. మూసిన గదిలో గాలి చాలక మండు మంటనుండి పుట్టు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది నెత్తుటిని ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. నిద్రించువానికి తలనొప్పియైనను హెచ్చరిక చేయజాలదు.

కావున పిల్లలు పండుకొనకముందే హీటరు నార్పుడు. రాత్రికి రజాయి చాలును.