లోడరు ఎత్తుతుంది, ట్రాక్టరు ఓర్చుతుందా?
(కొత్తపల్లె పాల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



పేడదిబ్బ తోడడానికి, గడ్డికట్టలు పేర్చడానికి కొందరు సభ్యులు ట్రాక్టరు ముందు లోడరు బిగించుకుంటున్నారు. మంచిదే. కాని, బకెట్టు పైకి లేచింది కదా అని ఆ బరువు క్షేమమని తలచరాదు. లేపేది నూనె పంపు, ఓర్చవలసింది ట్రాక్టరు.

ఒక లెక్క చూద్దాం. రెండు ఇరుసుల నడుమ 2 మీటర్లు. ముందు ఇరుసుకు 1.5 మీటర్ల అవతల బకెట్టులో 500 కిలోలు ఉన్నాయనుకోండి. ఏతం మాను తీరున వెనుక చక్రాలపై 375 కిలోల భారం తగ్గుతుంది, ముందు ఇరుసుపై 875 కిలోలు పెరుగుతుంది. చాలా ట్రాక్టర్లకు బ్రేకులుండేది వెనుక చక్రాలకే. అవి తేలికైతే బ్రేకు పట్టదు.

కాబట్టి మేము చెప్పేదేమంటే:

1. వెనుక లిఫ్టు శక్తి వేరు, లోడరు శక్తి వేరు. లోడరుకు రాసిన పరిమితిని, ముందు ఇరుసు పరిమితిని దేనినీ దాటరాదు.
2. తడి ఎరువు ఎండుదానికంటె బరువు. ఒక బకెట్టెడు కాటా వేయించి చూడండి.
3. పుస్తకంలో చెప్పినంత బరువు వెనుక కట్టండి.
4. బకెట్టును నేలకు దగ్గరగా ఉంచి, మెల్లగా నడపండి. ఎత్తి ఉంచి మలుపు తిప్పరాదు. దాని కింద మనిషి నిలువరాదు.
5. వాన పడిన నల్లరేగడిలో ఒకపక్క చక్రం దిగితే బండి ఒరుగుతుంది. అక్కడ ఎత్తనే వద్దు.

వెనుక చక్రం తేలినట్లు తోచగానే బకెట్టు మెల్లగా దించండి. ట్రాక్టరు నడిపేది ఇంట్లో పిల్లలైతే, ఈ మాటలు ఈ రాత్రే వారి చెవిన వేయండి.