మా ఇంట్లో బీరు కాచిన కథ

పక్క హాల్లో అష్టావధానం జరుగుతోంది, ఎదురు హాల్లో ఇమ్మిగ్రేషన్ సెమినారు. ఆ రెండూ వదులుకుని, ఇంట్లో బీరు చేసుకోవడం గురించి వినడానికి వచ్చిన మీ అందరికీ ముందుగా ధన్యవాదాలు. కొందరు శ్రీమతికి కనబడకుండా వెనక వరసలో కూర్చున్నారని నాకు తెలుసు. మా ఆవిడ మాత్రం ముందు వరసలోనే ఉంది, కాబట్టి ఈరోజు నేను అబద్ధాలు చెప్పే వీలు లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. డాలస్ దగ్గర ఉంటాం. 2014 వేసవిలో ఆఫీసు మిత్రుడొకరు తన ఇంట్లో చేసిన బీరు రుచి చూపించాడు. వేసవి కోసం చేసే, లేత బంగారు రంగు ఏల్ అది. గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే బత్తాయి తొక్క గిల్లిన వాసన. ఎన్ని కాయలు పిండావని అడిగాను. ఒక్కటీ లేదు, అదంతా హాప్స్ అనే తీగకు పూసే పువ్వు వాసన అన్నాడు. ఆ వాసనే నన్ను ఈ పనిలోకి దింపింది.

ఇది దొంగచాటు వ్యవహారం కాదని ముందే చెప్పాలి. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గాలన్లు, ఒక్కరే ఉంటే 100 గాలన్లు సొంతానికి చేసుకోవచ్చు. అమ్మకూడదు. రాష్ట్రాల చట్టాలు వేరు. అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు.

ఇంగ్లీషులో దీన్ని హాబీ అంటారు. తెలుగులో చెప్పబోతే మాత్రం 'కాచడం' అనాలి. మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లె. మా వైపు 'కాచేవాడు' అంటే సారా కాచేవాడే. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళిన సంగతి మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా వెళ్ళింది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళే దానికి బలం. మా అమ్మ వాళ్ళలో ఒకతె. ఆమె తమ్ముడు, మా చిన్న మామ, సారాకే బలైపోయాడు. ఆమె కొడుకుని నేను. ఇప్పుడు నా ఇబ్బంది మీకు అర్థమై ఉంటుంది.

సరే, వంటకం సంగతి. 5 గాలన్లకు, అంటే సుమారు 19 లీటర్లకు, బార్లీ మాల్టు 8 పౌండ్లు, గోధుమ మాల్టు 1 పౌండు. మాల్టంటే మన రాగి మాల్టు లాగే, గింజని మొలకెత్తించి ఎండబెట్టినది. దాన్ని బరకగా మరపట్టి, 150 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిలిచేలా వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే, గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. వడకట్టి, ఆ తియ్యటి నీళ్ళని ఇంకో గంట మరిగించాలి.

హాప్స్ ఎప్పుడు వేస్తామన్నదే కీలకం. మొదట్లో వేస్తే చేదు దిగుతుంది, వాసన ఆవిరైపోతుంది. చివర్లో వేస్తే వాసన మిగులుతుంది. చారులో కొత్తిమీర ఆఖర్న వేసినట్టే. నేను మొదట్లో మాగ్నమ్ అర ఔన్సు, చివరి 5 నిమిషాల్లో కాస్కేడ్ ఒక ఔన్సు, స్టవ్ ఆపాక సిట్రా ఒక ఔన్సు వేస్తాను. పులియడం పూర్తయ్యాక ఇంకో ఔన్సు సిట్రా వేసి 3 రోజులు ఉంచుతాను. కాస్కేడ్‌ది పంపరపనస వాసన, సిట్రాది నిమ్మా మామిడీ కలిసిన వాసన. మరిగించినది చల్లార్చి ఈస్ట్ కలిపితే రెండు వారాల్లో పులుస్తుంది. ఆల్కహాలు నాలుగున్నర శాతం దగ్గర తేలుతుంది.

చెప్పడం తేలిక. మొదటిసారి జూలైలో, 90 డిగ్రీలు దాటిన గరాజ్‌లో బకెట్ పెట్టాను. ఈ ఈస్ట్‌కి కావలసింది 66, 68 డిగ్రీలు. ఫలితం పెయింట్ థిన్నర్ వాసన. అంతా పారబోశాను. రెండోసారి తొందరపడి పులియడం పూర్తికాకుండానే సీసాల్లో పోశాను. అర్ధరాత్రి పాంట్రీలో ఢామ్మని పేలాయి. పిల్లలు అక్కడ లేరు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి హైడ్రోమీటరు రీడింగు వరసగా 3 రోజులు కదలకుండా ఉంటేనే సీసా ముట్టుకుంటాను. కోడ్‌లో బగ్ వెతికినట్టు ఒకసారికి ఒకే మార్పు చేసి, అన్నీ నోటుబుక్కులో రాసుకోవడం మొదలుపెట్టాను.

2016లో అమ్మ వచ్చింది. రెండో రోజే బకెట్ కంటబడింది. "ఏందిరా ఇది?" అంది. చెప్పాను. ఆ పూట అన్నం తినలేదు. నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

నాలుగో రోజు నేను బకెట్ ఉష్ణోగ్రత చూసుకుంటూ తంటాలు పడుతున్నాను. ఏసీ 76లో ఉంది, పులిసేటప్పుడు పుట్టే వేడి దానికి తోడు. అమ్మ వచ్చి కాసేపు చూసి, ఒక పాత టవలు తడిపి బకెట్ చుట్టూ కట్టి, టేబుల్ ఫ్యాన్ దానివైపు తిప్పింది. మన కూజా సూత్రమే. సాయంత్రానికి 68కి దిగింది. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని మనిషి కాబట్టి గొట్టాలు, మూతలు ఎలా కడుగుతున్నానో కూడా చూసింది. "చేసేది పాడు పని. అదైనా శుభ్రంగా చెయ్యి" అంది.

తరవాత నోటుబుక్కు తీసుకుని తిరగేసింది. "ఇందులో ఏం రాస్తావు?" అని అడిగింది. మాల్టు, హాప్స్, వేడి, తేదీలు అన్నీ చెప్పాను. "తాగింది యాడ రాస్తావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. అమ్మ పెన్ను తీసుకుని, రాత్రి బడి అక్షరాలతో, మార్జిన్‌లో 'తాగినవి' అని రాసింది.

ఆ బ్యాచ్‌కి 50 సీసాలు వచ్చాయి. ఎక్కువ స్నేహితులకే పోతున్నాయని నా నమ్మకం. ఏడు వారాల్లో అయిపోయాయి. లెక్క చూస్తే అందులో 31 నేనే తాగాను. చాలావరకు రాత్రి ఆఫ్‌షోర్ కాల్స్ అయ్యాక, ఒక్కణ్ణే కూర్చుని. ఆ అంకె చూసి నాకు భయం వేసింది. మామ కూడా ఇంతే తాగుతున్నానని అనుకుని ఉండడు.

ఇప్పుడు ఏడాదికి రెండే బ్యాచ్‌లు చేస్తాను. ఒక్కణ్ణే ఉన్నప్పుడు సీసా తియ్యను. తాగాక కారు తాళం మా ఆవిడ దగ్గర ఉంటుంది. మన పార్టీల్లో ఎవరు ఎంత తాగుతున్నారో మనం మాట్లాడుకోం. బీరు చెయ్యడం నేర్చుకోండి, మంచి విద్యే. కానీ మొదటి రోజే నోటుబుక్కులో ఆ ఒక్క గడి కూడా గీసుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. రుచి చూపించమని మాత్రం అడక్కండి, కన్వెన్షన్ సెంటర్ వాళ్ళు బయటి సీసాలు రానివ్వరు. అమ్మ ఇప్పటికీ ఆదివారం ఫోన్లో "బాగుండావా?" అని అడిగాక, "లెక్క రాస్తుండావా?" అని అడుగుతుంది. రాస్తున్నాను. సెలవు.