ముందు ఎవరి పెట్టె తెరిచాం?

(ఆగస్టు 31, విముక్త జాతుల దినం సందర్భంగా హిందూపురంలో మన యువత ముందు చేసిన ప్రసంగ పాఠం)



‘నేటి సమాజంలో, పోలీసు వ్యవస్థలో జాతి వివక్ష పాతుకుపోయి ఉందా?’ అన్నది మాకు ఇచ్చిన అంశం. మేము లాయర్లం కాదు, పోలీసులం కాదు. టీచర్ ట్రైనింగ్ చేసి, ఇరవై ఏళ్లుగా గిరిజన హాస్టళ్లలో పిల్లల మధ్య ఉన్నవాళ్లం. అందుకే పోలీస్ స్టేషన్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మా హాస్టల్లో జరిగిన ఒక సంగతి చెబుతాం. అది మా తప్పు. ఆ అమ్మాయి సరేనంటేనే చెబుతున్నాం. పేరు, ఊరు చెప్పం.

పదేళ్ల కిందటి మాట. పదో తరగతి పాప ఒకామె ఫీజు కోసం దాచుకున్న 300 రూపాయలు కనపడలేదు. సాయంత్రం సంగటి తినే వేళకు హాస్టలంతా గోల. మేము, వంటామె, వాచ్‌మన్ కలిసి గదిలోకి పోయాం. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. నలభై ట్రంకు పెట్టెలున్న గదిలో మా కాళ్లు నేరుగా ఒక పెట్టె దగ్గరికే నడిచాయి. అది ఎరుకల పాప పెట్టె. అందులో రెండు జతల బట్టలు, వాళ్లమ్మ అల్లిన చిన్న ఈతబుట్ట, పుస్తకాలు తప్ప ఏమీ లేవు. గంట తర్వాత డబ్బు దొరికింది. పోగొట్టుకున్న పాప నోట్‌బుక్ అట్ట లోపలే ఉంది.

అందరూ నవ్వుకున్నారు, మేమూ ఊపిరి పీల్చుకున్నాం. మరుసటి ఆదివారం ఇంటికి పోయిన ఎరుకల పాప మాత్రం తిరిగి రాలేదు. పది రోజులు చూసి మేమే వాళ్లింటికి పోయాం. వాళ్లమ్మ బుట్ట అల్లుతూనే తలెత్తకుండా అనింది: “మీరు కొట్టలేదు, తిట్టలేదు మేడం. ముందు మా పాప పెట్టె తెరిచినారు. అంతే.”

ఆ ‘అంతే’ అన్న మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. మేమూ సుగాలీ తండా నుంచి వచ్చినవాళ్లమే. మా తాతలను కూడా ఊళ్లో అనుమానంగా చూసినవాళ్లు ఉన్నారు. ‘మూస అభిప్రాయం’ అంటే ఏమిటో ట్రైనింగ్‌లో చదివి పరీక్ష రాసి మార్కులు తెచ్చుకున్నాం. అయినా మా కాళ్లు ఆ పెట్టె దగ్గరికే పోయాయి. ఆ పాప మీద మాకు కోపం లేదు, ద్వేషం లేదు. మరి మమ్మల్ని అక్కడికి నడిపించింది ఏమిటి? ఈ రోజు అంశమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

జవాబు కోసం కొంచెం వెనక్కి పోవాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. మన అనంతపురం జిల్లా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే. ఆ చట్టం కింద ఒక కులాన్ని మొత్తంగా ‘నేరస్థ తెగ’ అని ప్రకటించవచ్చు. దొంగతనం చేసినవాణ్ణి కాదు, పుట్టినవాణ్ణి పుట్టినట్టే. పేర్లు రిజిస్టరులో రాసి వేలిముద్రలు తీసుకునేవారు. రోజూ హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. ఎరుకలవాళ్లను ఇలా చేర్చారు. కొన్ని ప్రాంతాల్లో సుగాలీలను, యానాదులనూ చేర్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. దాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది.

అంతకు ముందు ఎరుకలవాళ్లు ఏం చేసేవారు? గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పు తెచ్చి లోపలి ఊళ్లలో ధాన్యానికి మార్చుకునేవారు. సుగాలీలదీ అలాంటి బిడారు బతుకే. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. రైళ్లొచ్చి సరుకు మోయడం మొదలుపెట్టాయి. బతుకుతెరువు పోయినవాళ్లు ఊరూరా తిరుగుతుంటే, ‘తిరిగేవాళ్లు దొంగలు’ అని రాసుకున్నారు. ఈ పొద్దు మీరు కూర్చుని వచ్చిన ధర్మవరం–పెనుకొండ–హిందూపురం రైలు దారి కూడా ఆ కాలందే. రైలు చెడ్డదని అనడం లేదు. అది ఎవరి పొట్ట కొట్టిందో వాళ్లనే దొంగలన్నారని చెబుతున్నాం.

ఒకసారి రాత్రి మేము హాస్టల్లో పేర్లు పిలుస్తుంటే, మనవరాలిని చూడ్డానికి వచ్చిన ఒక అవ్వ వాకిట్లో కూర్చుని వింటోంది. అయిపోయాక అనింది: “మా నాయన్ను కూడా ఠాణాలో ఇట్లనే పిలుస్తాండ్రంట పాపా.” ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పిల్లలు క్షేమంగా ఉన్నారో లేదో చూసుకోవడానికి మేము పిలుస్తాం. వాళ్ల నాయన్ను పిలిచింది ఎందుకో మీకు తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో కేంద్రం ఒక విచారణ కమిటీ వేసింది. దానికి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయినాయన. చట్టం రద్దు చేయాలని ఆ కమిటీ చెప్పింది. 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే ఈ రోజు మనం కలిశాం. అయితే ఆ చోటులోకి ‘అలవాటు నేరస్థుల’ చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో వచ్చింది. వాటిలో కులం పేరు లేదు, మనిషి చేసిన నేరాలను బట్టే అని ఉంది. కాగితం మీద అది పెద్ద మార్పే, కాదనం. కానీ పాత రిజిస్టరు చూసి పని నేర్చుకున్న చూపు ఒక్క సంతకంతో మారదు.

ఇక్కడ మీలో ఒక తమ్ముడు అడగొచ్చు: “అక్కా, ఇప్పుడు మనోళ్లు కూడా ఎస్సైలు అవుతున్నారు కదా, ఇంకా వివక్ష ఎక్కడుంది?” న్యాయమైన ప్రశ్న. అర్ధరాత్రి మేము ఫోన్ చేస్తే వచ్చి, మా హాస్టల్ పిల్ల పెళ్లిని ఆపింది కూడా పోలీసులే. ఖాకీ వేసుకున్న ప్రతి మనిషీ చెడ్డవాడని మేము అనం. వ్యవస్థలో వివక్ష ఉండటం అంటే అది కాదు. మంచి మనిషి వచ్చి కూర్చున్నా కుర్చీ పాత పనే చేయించడం.

అది ఎలా నడుస్తుందో చూడండి. ఎక్కడో దొంగతనం జరుగుతుంది. పైనుంచి ఒత్తిడి ఉంటుంది. పాత రికార్డు తీస్తారు, రికార్డులో ఏ కాలనీ పేరుంటే అక్కడికే మొదట జీపు పోతుంది. పది మందిని తెస్తే ఒకరి మీద ఏదో ఒకటి దొరుకుతుంది. అది మళ్లీ రికార్డులోకి ఎక్కుతుంది. వచ్చేసారి ‘చూడండి, రికార్డే చెబుతోంది’ అంటారు. వెతికిన చోటే దొరుకుతుంది. వెతకని వీధిలో ఏముందో ఎవరూ చూడరు. మా హాస్టల్లో ముప్పై తొమ్మిది పెట్టెలు ముందు తెరవనట్టే. దానికి సినిమాలు తోడు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్ స్టేషన్’, 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’. ముప్పై ఏళ్లయినా తెర మీద ఆ ఊరి పేరు దొంగతోనే కలిసి వస్తుంది. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగాలు చేసేవాళ్ల మీద సినిమా రాదు.

ఇది మన దగ్గరే ఉన్న రోగం కాదు. 1993లో లండన్‌లో బస్సు కోసం నిలబడిన స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాణ్ణి తెల్లవాళ్ల గుంపు చంపింది. పక్కనే ఉండి ప్రాణం దక్కించుకున్న అతని స్నేహితుణ్ణి పోలీసులు బాధితుడిగా చూడలేదు. 1999లో మాక్‌ఫర్సన్ విచారణ నివేదిక లండన్ పోలీసు సంస్థలోనే జాతి వివక్ష ఉందని తేల్చింది. తెలియనితనం, ఆలోచించకపోవడం, మూస అభిప్రాయాల వల్ల కూడా ఒక సంస్థ వివక్ష చూపుతుందని చెప్పింది. చదివినప్పుడు మాకు మా ట్రంకు పెట్టెల గదే గుర్తొచ్చింది.

ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. 2023 జనవరిలో అమెరికాలోని సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న మన ఆదోని అమ్మాయి కందుల జాహ్నవిని, గంటకు దాదాపు 119 కిలోమీటర్ల వేగంతో వచ్చిన పోలీసు కారు గుద్దింది. ఆమె చనిపోయింది. ఇంకో పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువేమీ లేదన్నట్టు మాట్లాడాడు. అతని ఒంటి మీదున్న కెమెరాలోనే అది రికార్డయింది. 2024లో అతన్ని ఉద్యోగం నుంచి తీసేశారు. తెలుగువాళ్లమంతా కోపగించుకున్నాం, సరే. కానీ రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒకటి, కెమెరా లేకపోతే ఆ నవ్వు ఎవరికీ వినపడేది కాదు. రెండు, మన ఊరి చివరి కాలనీలోని మనిషి ప్రాణానికి మనమెంత విలువ కడుతున్నామో కూడా అడుక్కోవాలి.

కోర్టులు ఈ విషయం గుర్తించాయి. 2024 మేలో అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, వెనుకబడిన వర్గాల్లో పుట్టినంత మాత్రాన అమాయకుల పేర్లు హిస్టరీ షీట్లలో యాంత్రికంగా ఎక్కించకూడదని చెప్పింది. 2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో, జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలను కొట్టేసింది. విముక్త జాతులవాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడాలని పోలీసులను ఆదేశించింది. వివక్ష లేకపోతే రాజ్యాంగం వచ్చి 74 ఏళ్లకు దేశపు పెద్ద కోర్టు ఈ మాట చెప్పాల్సిన అవసరమేమిటి? అంశానికి మా జవాబు ఇదే: ఉంది. అయితే పోనిది కాదు.

ఎందుకు పోతుందంటున్నామో మా హాస్టల్ నుంచే చెబుతాం. ఆ పాప ఇంటి నుంచి వచ్చాక, ప్రార్థన వేళ పిల్లలందరి ముందు మేము క్షమాపణ అడిగాం. పాప తిరిగి వచ్చింది, పరీక్ష రాసింది. ఇప్పుడు హిందూపురంలో గార్మెంట్ కంపెనీలో పని చేసుకుంటోంది. కానీ క్షమాపణతో సరిపెట్టుకుంటే ఇంకో ఏడాది ఇంకో పాప పెట్టె ముందు తెరిచేవాళ్లం. మా మనసు ఎప్పుడు మారుతుందో మాకే తెలియదు. అందుకని పద్ధతి మార్చాం. ఏదైనా పోతే ముందు పోగొట్టుకున్నవాళ్ల సామాను వాళ్లే వెతుక్కోవాలి. తర్వాత అవసరమైతే అందరి పెట్టెలూ, రోల్ నంబరు వరుసలో, ఇద్దరు పిల్లలు చూస్తుండగా. ఎందుకు వెతికామో, ఏం దొరికిందో నోట్‌బుక్‌లో రాయాలి. కొత్త వార్డెన్ ఎవరొచ్చినా అదే నియమం.

పోలీసు పనికీ మందు అదే: రాతపూర్వక కారణం, సాక్షి, కెమెరా. చట్టంలో అవి ఉన్నాయి. మీరు తెలుసుకుని అడగాలి. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకు తెలపాలి, 24 గంటల్లోపు మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో మామూలుగా ముందు నోటీసు ఇవ్వాలి. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 35వ సెక్షన్. ఆడవాళ్లను, 15 ఏళ్లలోపు పిల్లలను సాక్షులుగా అడగాలంటే స్టేషన్‌కు పిలవకూడదు, ఇంటి దగ్గరే అడగాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు, ఫోన్ 15100. అట్రాసిటీ ఫిర్యాదులకు 14566. ఈ రెండు నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో ఎక్కించుకోండి, మేము ఆగుతాం.

ఎస్సైని ఎదిరించి కేకలేయమని చెప్పడం లేదు. మర్యాదగా అడగండి, తేదీ, టైము, పేరు రాసుకోండి. వాళ్ల దగ్గర మన మీద నూరేళ్ల రిజిస్టరు ఉంది. మన దగ్గర కూడా ఒక నోట్‌బుక్ ఉండాలి. మీలో కొందరు పోలీసు ఉద్యోగాలకు తయారవుతున్నారు, సంతోషం. ఆ కుర్చీలో కూర్చున్నాక జీపు ఎటు తిప్పమంటున్నారో, ఎందుకు తిప్పమంటున్నారో ఒక్క క్షణం ఆలోచించండి.

చివరగా ఒక మాట. సుగాలీలు ఎరుకలవాళ్లను, ఎరుకలవాళ్లు యానాదులను చిన్నచూపు చూడటం మన మధ్యా ఉంది. దాన్ని ఒప్పుకోకుండా బయటివాళ్లను అడిగే హక్కు మనకు ఉండదు. ఇంట్లోనో, కంపెనీలోనో, కాలేజీ గదిలోనో రేపు ఏదైనా పోతుంది. అప్పుడు మీ కాళ్లు ఎవరి పెట్టె వైపు నడుస్తాయో చూసుకోండి. అక్కడే ఆగండి.