యుద్ధం తర్వాత సైనికుడు

యుద్ధం ముగిసిందని ప్రభుత్వాలు ప్రకటిస్తాయి. కానీ ఇంటికి తిరిగివచ్చిన సైనికుడికి కూడా అది ఆరోజే ముగుస్తుందా? ఒక జీవితాన్ని పరిశీలిద్దాం.

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లాకు చెందిన మురళీకాంత్ పేట్కర్ సైన్యంలో మంచి బాక్సర్. 1965లో పాకిస్థాన్‌తో జరిగిన యుద్ధంలో తూటాలు తగిలి ఆయన నడుము కింది భాగం చచ్చుబడింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు. చికిత్సలో భాగంగా ఈత మొదలుపెట్టారు. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో జరిగిన పారాలింపిక్స్‌లో 50 మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచారు. పారాలింపిక్స్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. పద్మశ్రీ మాత్రం 2018లో, అంటే 46 ఏళ్ల తర్వాత లభించింది.

ఇందులో మనం గమనించవలసింది ఏమిటి? తిరిగివచ్చిన సైనికుడికి చికిత్స కావాలి, పని కావాలి, ఆయన మాట వినే మనుషులు కావాలి. చికిత్సకు సైనిక ఆసుపత్రులు, ఉపాధికి పునరావాస శిక్షణ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి. మూడోది ఏ కార్యాలయమూ ఇవ్వలేదు. పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడటం, నిద్రపట్టకపోవడం పిరికితనం కాదు; అవి మనసుకు తగిలిన గాయాలు. వాటికీ వైద్యం ఉంది.

మీ ఊళ్లోనూ మాజీ సైనికులు ఉండవచ్చు. జెండా పండుగనాడు దండ వేయడంతో సరిపెట్టుకోకండి. మరోరోజు వెళ్లి, ఇప్పుడెలా ఉన్నారని అడగండి.