ఈనిన పశువుకు కాల్షియం – ముందుజాగ్రత్త
(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘ సర్వసభ్య సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)



సంఘాల లెక్కలు చూసేవారం గనుక మేము పాల రిజిస్టరుతోనే మొదలుపెడతాము. గేదె ఈని వారం దాటినా కొందరు సభ్యుల పేర్ల ఎదుట గడులు ఖాళీగా ఉంటాయి. అడిగితే “పడిపోయిందండీ” అంటారు. అప్పు తెచ్చి కొన్న పశువైతే వాయిదా మాత్రం ఆగదు.

ఇందుకు ముఖ్య కారణాలలో ఒకటి పాలజ్వరం. పేరుకు జ్వరమే గాని ఒళ్లు కాలదు, చెవులు చల్లబడతాయి. లీటరు గేదె పాలలో సుమారు 1.8 గ్రాముల కాల్షియం ఉంటుంది. 8 లీటర్లిచ్చే గేదె రోజుకు 14 గ్రాములు పాలలో పోగొట్టుకుంటుంది. దాని రక్తంలో ఒకసారికి ఉండేది 5 గ్రాములకు మించదు. మిగతాది మేతనుండి, ఎముకలనుండి రావాలి. రాకపోతే ఈనిన రెండు మూడు రోజుల్లోనే పశువు తూలి కూలబడుతుంది, మెడ డొక్కవైపు తిప్పి పడుకుంటుంది.

అప్పుడు కాల్షియం సీసా తెచ్చి గొంతులో పోయకండి. పడిన పశువు సరిగా మింగలేదు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. పశువైద్యుడు నరానికి నెమ్మదిగా ఎక్కించే మందే దీనికి చికిత్స. తెల్లవారనిద్దామని ఆగవద్దు. ఆయన వచ్చేలోగా పశువు పక్కకు ఒరగకుండా గడ్డిమోపులు ఆనించండి.

ఇక ముందుజాగ్రత్త. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. వరిగడ్డిలో ఉన్న కాస్త కాల్షియమూ సరిగా ఒంటబట్టదు. అందుచేత దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలపాలి: వట్టిపోయిన పశువుకు రోజుకు 50 గ్రాములు, పాలిచ్చేదానికి దిగుబడినిబట్టి 100 నుండి 200 గ్రాములు. ఉప్పు వేరు, ఇది వేరు. పాలిచ్చే రోజుల్లో పిల్లిపెసర, అలసంద వంటి పచ్చిమేత కూడా మేలు చేస్తుంది.

అయితే చూడి చివరి మూడు వారాల్లో బలానికని కాల్షియం టానిక్కులు అదనంగా పట్టవద్దు. బయటనుండి ధారాళంగా అందితే ఎముకలనుండి తీసుకొనే శక్తి మందగిస్తుంది. తీరా ఈనిననాడు అది అక్కరకు రాదు.

పాలకవర్గానికి ఒక మనవి. మిశ్రమాన్ని సంఘంలోనే నిల్వ ఉంచి, సొమ్మును పాల బిల్లులో కొద్దికొద్దిగా మినహాయించుకోండి. చూడి పశువుల జాబితా రాసి, పశువైద్యుని ఫోను నంబరుతోపాటు పాలకేంద్రం గోడకు అంటించండి. ఈ తీర్మానం నేటి మినిట్సు పుస్తకంలోనే ఎక్కాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.